జీతానికి పేరు యాడ రాయాల?

మా ఇంట్లో అన్నం ఉడికేది ఊళ్లోవాళ్ల పేర్ల మీద. గుడికి ఫ్యాను ఇచ్చినవాళ్ల పేరు, మసీదుకు నీళ్ల ట్యాంకు కట్టించినవాళ్ల పేరు, బస్టాపులో సిమెంటు బెంచీ వేయించినవాళ్ల పేరు, ఏది కావాలన్నా రాసిచ్చేది మేమే. ఫ్యానుకు మూడు రెక్కలుంటే మూడింటి మీదా రాయమంటారు. ఫ్యాను తిరుగుతుంటే ఏ పేరూ కనబడదు, కరెంటు పోతేనే దాత బయటపడతాడు. ఆ లెక్కన మా కర్నూలు దాతలకు ఎండాకాలమే కలిసొచ్చే కాలం.

నేను రంగుతో రాస్తాను. మా బావ రాతి మీద చెక్కుతాడు. బావ అంటే మా అక్క మొగుడు. లెక్కల సారుకూ నాకూ పొసగక నేను ఏడో తరగతిలోనే బడికి సలాం కొట్టి అక్క ఇంటికి చేరితే, ఆయన ఒక్క మాట అడగకుండా పక్కన చిన్న పీట వేసి కూర్చోబెట్టాడు. అక్షరాలు నిజంగా నేర్చుకున్నది అక్కడే. బడిలో తప్పు రాస్తే సారు కొట్టేసి పక్కన సున్నా పెడతాడు, అంతే. బావ దగ్గర తప్పు చెక్కితే బండ మొత్తం పోయినట్టే. సున్నా కంటే బండ ఖరీదు కాబట్టి నాకు భాష త్వరగానే వచ్చింది.

మాది తెలుగు మాట్లాడే సాయిబుల ఇల్లు. మంత్రాలయం దారిలో యాత్రికుల సత్రాలకు, కడప పక్కన దర్గాలకు, పల్లెల్లో రెడ్ల కల్యాణ మండపాలకు బావ చెక్కిన దాతల ఫలకాలు ఎన్నో ఉన్నాయి. అక్షరానికి ఇంత అని రేటు. కాబట్టి గౌరవం పెరిగేకొద్దీ మాకు గిట్టుబాటు. పేరుకు ముందు ‘శ్రీ’ పడితే కూలీ గిట్టినట్టు, వెనక ‘గారు’ పడితే టీ ఖర్చు వచ్చినట్టు. ‘మాజీ సర్పంచి’ అయితే మా ఇంట్లో ఆ రోజు కోడికూర. ఊళ్లో సర్పంచి ఎన్నికలు వస్తే అందరూ గెలిచేవాడి కోసం చూస్తారు, నేను మాత్రం ఓడిపోయి మాజీ కాబోయేవాడి కోసం చూసేవాణ్ణి.

ఈ పనిలో గొడవ ఎప్పుడూ అక్షరం సైజు దగ్గరే. ఎక్కువిచ్చినవాడి పేరు పైన, పెద్దగా. తక్కువిచ్చినవాడిది కింద, చిన్నగా. ఒకసారి ఒక దాత టేపు తెచ్చుకుని, తన పేరునూ తన దాయాది పేరునూ కొలిచి, గింజంత తేడా ఉందని ప్రారంభోత్సవం ఆపించాడు. అలాంటివాళ్లందరికీ మా బావ మీద నమ్మకం. ఆయన చెక్కితే మొదటి అక్షరం ఎంతో చివరి అక్షరం అంతే. ఇప్పుడు కంప్యూటరు మిషన్లు వచ్చాయి, నున్నగా చెక్కుతాయి. అయినా చేతి చెక్కుడు కావాలనుకునేవాళ్లు వెతుక్కుంటూ మా అంగడికే వచ్చేవాళ్లు.

అలా వచ్చేవాళ్లలో ముఖ్యుడు బేతంచెర్ల పక్క బండల ఫ్యాక్టరీ ఉన్న ఆసామి. నాపరాళ్లు కోసి పాలిష్ పట్టి ఊళ్లకు పంపుతాడు. ఇవ్వడంలో ధారాళం, అరవడంలో ఇంకా ధారాళం. తన సొంత పల్లెలో మంచినీళ్ల ప్లాంటు పెట్టించి, దానికి ఫలకం చెక్కమని ఫ్యాక్టరీ నుంచి తన బండే పంపాడు. బావ చెక్కాడు. బండ పంపిన మరుసటి పొద్దున ఆసామి జీపు మా అంగడి ముందు ఆగింది. బండ వెనక సీటులో పడుకుని ఉంది, దుప్పటి కప్పుకుని.

“ఏం సాయిబూ, నా పేరు మొదల్లో ఏనుగు మాదిరి ఉండాది, చివరికొచ్చేసరికి చీమ మాదిరి అయిపోయిండాది. నేనేమన్నా ఎండలో పెట్టిన వడియమా, ముడుచుకోనిపోయేకి?”

బావ బండ మీద వేలు పెట్టి అటూ ఇటూ నడిపాడు. “రాయి మంచిది గాదన్నా” అన్నాడు మెల్లగా.

“రాయి నాదే గదప్పా!”

నేను నవ్వు ఆపుకోలేక లోపలికి పోయాను. లోపలికి పోయాక మాత్రం నవ్వు రాలేదు. నేను చూశాను ఆ బండను. మొదటి అక్షరం బావదే. చివరి అక్షరం ఎవరిదో నాకు తెలియలేదు.

ఉలి పట్టడం కూడా బావ నేర్పిందే కాబట్టి ఆ ఫలకం మళ్లీ నేనే చెక్కి ఇచ్చాను. ఆ తరువాత బావ ఒక్కో పనీ నా వైపు జరపడం మొదలుపెట్టాడు. తాను కుర్చీలో కూర్చుని చూస్తుంటాడు. చూసినవాళ్లు ‘సాయిబు మేస్త్రీ అయిపోయినాడప్పా, ఇంగ ఉలి పట్టడు’ అనుకున్నారు. అక్క మాత్రం అలా అనుకోలేదు. బావ నడుస్తుంటే ఎడమచెయ్యి ఊగుతోంది, కుడిచెయ్యి ఊగడం లేదు. జేబులో పెట్టుకోకుండానే జేబులో ఉన్నట్టు ఒంటికి అతుక్కుని ఉంటోంది. పొయ్యి మీద బొరుగుల ఉగ్గాని మాడిపోతున్నా పక్కనే కూర్చున్న మనిషికి వాసన తెలియలేదు. గొంతు తగ్గింది. ఇక నా సంగతి ఏమిటంటే, బావ నా జోకులకు నవ్వడం మానేశాడు. నా సరుకు పాతబడిందేమోనని నాలుగు కొత్త జోకులు తయారుచేసుకుని వేశాను. వాటికీ నవ్వలేదు. నాకు బాగా కోపం వచ్చింది.

“ఇంగెన్నాళ్లు దాస్తావు?” అని అక్క ఒకరోజు నా ముందే అడిగేసింది. “సెయ్యి జేబులో పెట్టుకుంటే జేబు వణుకుతాంది.”

ఊరి బయట ఒక ట్రస్టు ఆస్పత్రి ఉంది. అక్కడ నరాల డాక్టరమ్మది రాయచోటి. ఎక్కడెక్కడో పెద్ద చదువులు చదివి వెనక్కి వచ్చింది కానీ మాట మాత్రం ఊరిదే. బావను అటూ ఇటూ నడిపించింది, బొటనవేలూ చూపుడువేలూ టకటకా కొట్టమంది, ఒక వాక్యం రాయమంది. రాసినదాని మీద మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా వేలు నడిపింది. తరువాత మెల్లగా చెప్పింది. పార్కిన్సన్స్. మెదడులో ఒక రకం కణాలు ఒక్కొక్కటిగా తగ్గిపోతాయట. అందుకే వణుకు, అందుకే నడకలో నిదానం, అందుకే అక్షరం చిన్నదవడం, మాడు వాసన తెలియకపోవడం. మాత్రలతో చాలాకాలం నెట్టుకురావచ్చు కానీ జబ్బును ఆపే మందు ఇంకా ఎవరి దగ్గరా లేదు.

“అమ్మా, మా బావ నా జోకులకు నవ్వడంలేదు. దానికేమన్నా మాత్ర ఉండాదా?” అన్నాను. ఆ గదిలో ఎవరో ఒకరు ఏదో ఒకటి అనకపోతే మా అక్క ఏడ్చేసేలా ఉంది.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. “ఆయన నవ్వుతానే ఉండాడప్పా. ముఖానికి చేరడంలా, అంతే. ఈ జబ్బులో ముఖం గూడా బిగుసుకుంటాది.”

నేను బావ ముఖం చూశాను. కళ్లు మాత్రం నవ్వుతున్నాయి. అంతకాలమూ ఎక్కడ చూడాలో తెలియక పెదాల కేసి చూస్తూ కూర్చున్నాను.

“మీ ఇంట్లో ఇంకెవురికన్నా ఉండిందా?” అని ఆమె బావను అడిగింది.

“మా నాయనకు” అన్నాడు. “అప్పుడు జబ్బని ఎవురికి తెలుసమ్మా? తూలుతాండాడు, నోట్లో మాట నానుతాంది, చేతిలో గ్లాసు నిలబడదు. తాగుబోతని పేరు పెట్టినారు. ఆయన చుక్క ముట్టినోడు గాదు. మసీదులో ముందు వరసలో నిలబడే మనిషిని వెనక్కి పొమ్మన్నారు. ఆ పేరుతోనే పోయినాడు.”

ఆ సంగతి నాకు ఆ రోజు వరకూ తెలియదు. ఆయన తన పెళ్లికి ముందే పోవడంతో అక్కకు కూడా తెలియదని ఆమె ముఖం చూస్తే అర్థమైంది.

అప్పుడు డాక్టరమ్మ తన సంగతి చెప్పింది. మన పక్క పల్లెల్లో ఈ జబ్బు ఎంతమందికి ఉందో, ఎలా మొదలవుతోందో, ఇళ్లల్లో వరసగా వస్తోందో లేదో ఎవరూ కూర్చుని చూడలేదు. ఆమె ఆ పరిశోధన పెట్టాలనుకుంటోంది. జబ్బున్నవాళ్ల నెత్తురు, నడక, రాత, గొంతు ఏళ్ల తరబడి గమనిస్తూ పోవాలి. బెంగళూరులో ఒక దాతల సంస్థ పెద్ద మొత్తం ఇస్తానంది. కాకపోతే ఒక షరతు. అందులో కొంత వాటా ఈ ప్రాంతం వాళ్లే వేసుకోవాలి. ఊరివాళ్లు తమదనుకోని పని నాలుగు రోజుల్లో మూలన పడుతుందని వాళ్ల నమ్మకం. ఎండాకాలం పోయేలోగా వాటా కూడకపోతే, సిద్ధంగా ఉన్న వేరే రాష్ట్రం ఊరికి ఈ పరిశోధన వెళ్లిపోతుంది.

“నా చెయ్యి, నెత్తురు, ఏం కావాలన్నా తీసుకోమ్మా” అన్నాడు బావ. “ఇది మాత్రం ఈడనే జరగాల. ఇంకో మనిషిని ఆ మాట అననీకుండా చేయాల.”

బావ ఏదైనా కావాలని అడగడం నేను చూడడం అదే మొదలు.

డాక్టరమ్మ ఊళ్లో పెద్దమనుషుల్ని ఆస్పత్రి హాలుకు పిలిచి సమావేశం పెట్టింది. బండల ఆసామి వచ్చాడు, నూనె మిల్లు ఆయన వచ్చాడు, బంగారు అంగళ్లవాళ్లు, ట్రాక్టరు షోరూములవాళ్లు వచ్చారు. ఆమె తెర మీద మెదడు బొమ్మలు వేసి చూపింది. అందరూ తలలూపారు, బజ్జీలు తిన్నారు, ‘నువ్వేం దిగులు పడొద్దమ్మా, మేముండాం’ అన్నారు. బావ రాలేదు. తన జబ్బు సంగతి ఆయన ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. చెయ్యి వణికే మనిషికి చెక్కుడు పని ఎవరిస్తారు?

మరుసటి రోజు నుంచి మా అంగడి ముందు జనం. గోడగడియారాలు తెచ్చినవాళ్లు, ఫ్యాన్లు తెచ్చినవాళ్లు, ఇనప బీరువా తెచ్చినవాళ్లు. నూనె మిల్లు ఆయన ఏకంగా చల్లనీళ్ల మిషను తెచ్చాడు. అన్నిటి మీదా పేర్లు రాయాలి. “పరిశోధనకు ఇస్తాండాం గదా, రవ్వంత పెద్దగా రాయి” అన్నాడాయన. నేను రాత్రింబవళ్లూ రాశాను. అక్క రంగు డబ్బాలు అందించింది. బావ కూడా కుర్చీలోంచి లేచి, ‘చూడు, మనోళ్లు ఎట్ల ఇస్తాండారో’ అన్నాడు. ఇవ్వడమంటే మాకందరికీ తెలిసింది అదే. ఒక వస్తువు, దాని మీద ఒక పేరు.

సామాన్లు దింపడానికి నేనే ఆటోలో పోయాను. డాక్టరమ్మ గదిలో అప్పటికే గోడలు నిండిపోయాయి. ఏ గడియారం టైము దానిది. ఒకదాంట్లో పిట్ట బయటికొచ్చి అరుస్తోంది. ఆమె మధ్యలో తల పట్టుకుని కూర్చుంది.

“టైమెంతయిందమ్మా?” అన్నాను.

“ఏ దాత టైము చెప్పాలప్పా నీకు?” అంది ఆమె. ఇద్దరం నవ్వాం. నవ్వు అయిపోయాక ఆమె అసలు సంగతి చెప్పింది. “బెంగళూరు వాళ్లతో మాట్లాడినా. గడియారాలు, ఫ్యాన్లు వాటాలోకి రావంట. నాకు కావాల్సింది పల్లెలకు పోయేకి బండి డీజిలు, నెత్తురు తీసే పిల్లలకు జీతం, వచ్చిన లెక్కలు కూర్చుని చూసేవాళ్లకు జీతం. ఏడాదా రెండేళ్లా, శానా ఏళ్లు. ఈ సంగతి వీళ్లకు ఎట్ల చెప్పాల్నో నాకు తెలీడంలా.”

ఎండాకాలం సగం అయిపోయింది. నేను ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని బావకు అంతా చెప్పాను. ఆ గడియారంలో పిట్ట మాదిరి అరిచి కూడా చూపించాను. బావ కళ్లు నవ్వలేదు.

“ఇంగో మీటింగు పెట్టమను” అన్నాడు. “ఆస్పత్రిలో వద్దు. ఆసామి ఫ్యాక్టరీలో పెట్టమను. నేనొస్తా.”

“వచ్చి?” అంది అక్క.

“నా చెయ్యి చూపిస్తా.”

అక్క కంచంలో ఇంకో ముద్ద సంగటి పెట్టింది. “అట్లయితే తెల్ల చొక్కా ఏసుకో. వణికినా నీట్‌గా వణకాల” అంది. మా అక్క ప్రేమ అలాగే ఉంటుంది.

ఫ్యాక్టరీ రేకుల షెడ్డు కింద ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. పక్కన కోత మిషను బండల్ని కోస్తూనే ఉంది, నీళ్లు తెల్లగా పారుతున్నాయి. డాక్టరమ్మ ఈసారి తెర, బొమ్మలు పెట్టలేదు. డీజిలు, జీతాలు అని నేరుగా చెప్పింది.

బండల ఆసామి మీసం దువ్వుకున్నాడు. “అమ్మా, ఫ్రిజ్జంటే నాకర్థమవుతాది. డోరు మీద రాయొచ్చు. నువ్వు జీతమంటాండావు. జీతానికి పేరు యాడ రాయాల? ఆ పిల్ల నొసల మీదనా?”

షెడ్డంతా నవ్వింది. నేను కూడా నవ్వాను. మంచి జోకు ఎవడు వేసినా నవ్వాల్సిందే, అది మా వృత్తి ధర్మం.

నూనె మిల్లు ఆయన ఇంకో ఉపాయం చెప్పాడు. “నెత్తురు సీసాలుంటాయి గదమ్మా. వాటి మీద రాస్తే?”

“సీసా మీద నెత్తురిచ్చిన మనిషి పేరు గూడా రాయం మామా” అంది డాక్టరమ్మ. “నెంబరే ఉంటాది. ఎవురిదనేది బయటికి తెలీకూడదు.”

“నెత్తురిచ్చినోనికే పేరు లేదా?” అని ఆయన నిజంగా బాధపడ్డాడు.

అప్పుడు బావ లేచాడు. ఆయన్ను చూసి ఆసామి చెయ్యెత్తాడు. “రా సాయిబూ! నువ్వు చెప్పు, పేర్ల పని నీది గదా. జీతం మీద యాడ చెక్కుతావు?”

బావ నేరుగా గోడకు ఆనించిన పాలిష్ బండ దగ్గరికి నడిచాడు. కుడిచెయ్యి ఊగలేదు. నన్ను చూసి సుద్దముక్క అడిగాడు. ఊరికే వేలాడుతున్నంతసేపూ ఆ చెయ్యి అందరికీ కనబడేలా వణికింది. జేబులో పెట్టుకోలేదు. సుద్ద పట్టుకున్నాక వణుకు కొంచెం అణిగింది.

“అన్నా, నీ పేరే రాస్తాండా” అన్నాడు.

మొదటి అక్షరం బ్రహ్మాండంగా వచ్చింది. తలకట్టు చూస్తే నా ప్రాణం లేచొచ్చింది, అది పాత బావ చెయ్యి. రెండోది కొంచెం తగ్గింది. మూడోది ఇంకొంచెం. ఆయన ఆగి, ఊపిరి పీల్చుకుని, పెద్దగా రాయాలని మళ్లీ మొదలుపెట్టాడు. చెయ్యి మాట వినలేదు. ఆసామి పేరు పొడుగు, ఇంటిపేరుతో కలిపి. చివరికి వచ్చేసరికి అక్షరాలు ఆవగింజల్లా ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆఖరి అక్షరం దగ్గర సుద్ద ఆగిపోయింది, ముందుకు కదల్లేదు.

ఆసామి కోత మిషను కేసి చెయ్యి ఊపాడు, ఎవరో ఆపేశారు. బావ గొంతు చిన్నది, మిషను ఆగితేనే వినబడింది.

“ఆ పొద్దు నీ బండ చెడిపోయింది రాయి వల్ల గాదన్నా. ఇదీ సంగతి. నాకీ జబ్బుండాది. అక్షరం ఎందుకు చిన్నదైపోతాదో ఈయమ్మ కనుక్కుంటానంటాంది. అది ఒక్క రోజులో తేలేది గాదు, నా కాలంలో తేలుతాదో లేదో గూడా తెలీదు. మా నాయనకు ఇదే జబ్బు. ఊరంతా తాగుబోతన్న్యారు. మీలో కొందురు ఆయన్ను చూసినోళ్లే.” సుద్ద అంటిన వేళ్లు తుడుచుకున్నాడు. “పేరు యాడ రాయాలని అడుగుతాండారు. ముప్పై నలభై ఏండ్లుగా మీ పేర్లన్నీ రాసినోణ్ణి నేను. దీనికి మాత్రం రాసే చోటు లేదన్నా. ఊరికే ఇయ్యాల.”

అంతే చెప్పి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తెల్ల చొక్కా వీపంతా తడిసిపోయింది. ఇక ఊళ్లో ఎవరూ ఆయన చేతికి ఉలి ఇవ్వరని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆ కుర్చీలో ఆయన కూర్చున్న తీరు, ఏదో గెలిచి వచ్చినవాడిలా ఉంది.

ఆసామి లేచి బండ దగ్గరికి పోయాడు. వంగి తన పేరును చివరిదాకా చదువుకున్నాడు. చదవడానికి జేబులోంచి కళ్లద్దాలు తీసుకోవాల్సి వచ్చింది.

“ఆ పొద్దు నిన్ను శానా మాటలంటి గదా సాయిబూ” అన్నాడు. “నువ్వన్నా చెప్పకూడదా? రాయి మంచిది గాదంటివి. నా ఫ్యాక్టరీ రాయినే తప్పంటివి!” అరవబోయి, కళ్లద్దాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. డాక్టరమ్మ వైపు తిరిగాడు. “నా వాటా రాసుకోమ్మా. ఎంతని పొద్దున వచ్చి చెప్తా, అందరి ముందర చెప్పను. పేరు వద్దు.”

షెడ్డులో కుర్చీలు కిర్రుమన్నాయి. నూనె మిల్లు ఆయన పక్కనున్నవాణ్ణి మోచేత్తో పొడిచాడు. “ఇన్న్యావా? ఆయప్ప పేరు లేకుండా ఇస్తాడంట. నేను పేరుతో ఇస్తే రేపు బజార్లో నన్నేమంటారు?” అని లేచి, “నాదీ వద్దమ్మా పేరు!” అన్నాడు ఇంకా గట్టిగా.

“నాదీ వద్దు!” అని వెనక వరసలోంచి ట్రాక్టరు షోరూమాయన.

అక్కడి నుంచి వేలంపాట మాదిరి అయిపోయింది. ఎవరు ఎక్కువిస్తారన్నది కాదు, ఎవరు ఎక్కువ గుట్టుగా ఇస్తారన్నది. ఒకాయన, తన తమ్ముడికి కూడా చెప్పొద్దన్నాడు. తమ్ముడు పక్క కుర్చీలోనే ఉన్నాడు. బంగారు అంగడి పెద్దాయన అన్నిటికంటే చివర లేచి, మొహమాటపడుతూ అడిగాడు. “అమ్మా, పేరు లేకుండా ఇచ్చినామని యాడన్నా ఒకచోట రాస్తారా?”

డాక్టరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు, నేనూ అదే స్థితిలో ఉన్నాను. బావ వైపు చూశాను. ముఖం కదల్లేదు. కళ్లు మాత్రం పకపకా నవ్వుతున్నాయి.

ఆ సంగతి ఊరంతా పాకింది. టీ అంగడి దగ్గర కొత్త రకం గొప్పలు మొదలయ్యాయి. “నా పేరు యాడన్నా ఉండాదేమో పోయి చూసుకోపో” అని ఒకరు, “నీది లేదని అందరికీ ఎట్ల తెలిసిందప్పా, నువ్వు చెప్పకుంటే?” అని ఇంకొకరు. మా సీమవాళ్లకు పంతం మీదున్న శ్రద్ధ పదవి మీద కూడా ఉండదు. ఆ పంతాన్ని ఒక మంచిపనికి మళ్లించాడు చూడండి, అక్కడే నాకు మా బావ అంటే గర్వం. నా వ్యాపారం మాత్రం నెల రోజులు ఈగలు తోలింది. గుడికి ఫ్యాను ఇచ్చేవాడు కూడా ‘పేరొద్దులే’ అంటుంటే నేనేం తినాలి?

ఎండాకాలం పోకముందే వాటా కూడింది. బెంగళూరు సంస్థ తరఫున ఒకాయన వచ్చాడు. కన్నడం కలిసిన తెలుగులో, ధన్యవాదాలు చెప్పడానికి స్థానిక దాతలెవరో చెప్పండని అడిగాడు. హాలులో అందరూ పైకప్పు కేసి చూశారు. ఆయన నన్ను పక్కకు తీసుకుని, “ఒక్క బోర్డన్నా లేదా?” అన్నాడు. ఉంది. నేనే రాశాను. ఏ రోజు ఏ టైముకు రావాలో, నెత్తురు పరీక్ష ఉచితమని, ఆ బోర్డు మీద ఉంది. ఆయన దాన్నే ఫోటో తీసుకున్నాడు.

పరిశోధన మొదలైన రోజు మేమంతా పోయాం. తీరా చూస్తే జబ్బున్నవాళ్లు వచ్చారు కానీ జబ్బు లేనివాళ్లు తక్కువైపోయారు. పోల్చి చూడడానికి వాళ్లు కూడా కావాలట. ఆసామి మొదట మొండికేశాడు. “దుడ్లిచ్చినాం గదా, నెత్తురు గూడానా?” అంటూనే చొక్కా చెయ్యి మడిచాడు. పక్కన నేను కూర్చున్నాను. ఏడో తరగతిలో అన్నిట్లోనూ తప్పినవాణ్ణి, ఆ రోజు నడక పాసయ్యాను, వేళ్లు టకటకా కొట్టడం పాసయ్యాను. వాసన పరీక్షలో చీటీలు ముక్కు దగ్గర పెడితే అన్నీ చెప్పేశాను.

“పని వాసన తప్ప అన్నీ పడతాడమ్మా వీడు” అంది మా అక్క, నెత్తురు తీసే పిల్లతో.

మధ్యాహ్నం కావస్తుండగా రాయచోటి పక్క పల్లె నుంచి ఒక ముసలాయన్ను కొడుకు తీసుకొచ్చాడు. ముసలాయన హాలు గడప దగ్గర నిలబడిపోయాడు. కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ముందుకు రావడం లేదు. కొడుకు చుట్టూ చూసి, సిగ్గుపడుతూ గొంతు తగ్గించాడు. “మా నాయన తాగలేదు సార్. ఊళ్లో అట్లనే అంటారు గాని...”

బావ బెంచీ మీద నుంచి లేచాడు. లేవడానికి ఆయనకూ టైము పట్టింది. వెళ్లి ముసలాయన పక్కన నిలబడ్డాడు.

“తెలుసులేప్పా” అన్నాడు కొడుకుతో. “ఈడ ఎవురూ ఆ మాట అనరు.” తరువాత ముసలాయన వైపు తిరిగాడు. “పెద్దాయనా, కాలు రాకుంటే ముందుకు చూడొద్దు, కింద చూడు. బండకూ బండకూ మధ్య గీత ఉండాది గదా. ఆ గీతను దాటాల, అంతే. ఒక్క గీత. మా డాక్టరమ్మ చెప్పింది, నాకు పనిచేస్తాంది.”

ఆ హాలు నేలంతా నల్ల నాపరాళ్లే. ముసలాయన కింద చూశాడు. కాలు మాత్రం రాలేదు. బావ తన కాలు ఎత్తి మొదటి గీత దాటి చూపించాడు. ముసలాయన కాలు కదిలింది, దాటింది. తరువాతి బండ. ఆ తరువాతి బండ. ఇద్దరు మనుషులు, ఇద్దరి కుడిచేతులూ ఊగకుండా, తలలు వంచుకుని, పెళ్లి ఊరేగింపు కంటే నిదానంగా హాలు ఆ చివరకు పోతున్నారు. వెనక ఆ కొడుకు గడప దగ్గరే నిలబడి తండ్రి కాళ్ల కేసి చూస్తున్నాడు.

నాకు మంచి జోకు ఒకటి తట్టింది. ఎందుకో వేయలేదు. నెత్తురు తీసిన చోట దూది అదిమి పట్టుకుని, ఆ పిల్లవైపు తిరిగి, “ఆయన మా బావ” అని మాత్రం చెప్పాను.